అలికిన నేల కింద

పోయిన శ్రావణంలో ఒక మధ్యాహ్నం హసీనా అనే అమ్మాయి అనంతపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కదిరి పిల్ల. పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఎప్పుడో జరిగిన తవ్వకాల్లో దొరికి, ఎవరూ విప్పి చూడకుండా గోదాముల్లో పడి ఉన్న పెట్టెలను మళ్లీ తెరిచి, ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో సరిచూడడం ఆమె పని. మంచినీళ్లు తాగి, మెడ మీది చెమట తుడుచుకుని, ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. రంగు వెలిసిన అట్టపెట్టె, దాని మూతకు దారంతో కట్టిన చీటీ. చీటీ మీద ఇంగ్లీషులో మా ఊరి పేరు, తవ్విన గుంత నంబరు, పొర నంబరు, లోతు. వేలితో ఫొటోను పక్కకు జరిపింది. అదే చీటీ వెనక వైపు. అక్కడ నీలం సిరాతో, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో ఒకే వరస: బిడ్డ. ఓబుళమ్మ చెప్పింది.

"ఈ చేతిరాత మీదేనని మీ ఊర్లో చెప్పినారు మేడం," అంది హసీనా. "ఓబుళమ్మంటే ఎవురు? ఆ తవ్వకం గురించి వేసిన పుస్తకం మొత్తం తిరగేసినా. ఆ పేరు యాడా లేదు."

"మా అమ్మ," అన్నాను. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ పెట్టె సంగతి అమ్మ బతికున్నంత కాలం మా ఇద్దరి మధ్యా నలుగుతూనే ఉండింది. ఈ అమ్మాయి దాన్ని ఫోన్‌లో పెట్టుకుని బస్సెక్కి వచ్చి నా ఒళ్లో పెట్టినట్టయింది. టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చి, ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను, కొంచెం నెమ్మదిగా.

మా ఊరు ఉరవకొండకు బస్సులో ముప్పావు గంట. ఎర్ర నేలలు, రాళ్ల గుట్టలు, వాన మీద ఆశతో వేసే వేరుశనగ. ఊరికి ఉత్తరాన, చేల మధ్యలో పెద్ద బూడిద దిబ్బ ఒకటి ఉండేది. పూర్వం రాక్షసులు చచ్చిపోతే అక్కడ కాల్చారని, ఆ చితి బూడిదే దిబ్బయిందని మా జేజి చెప్పేది. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. రాక్షసుల సంగతేమో గాని ఊరంతా గిన్నెలు తోమింది ఆ బూడిదతోనే. బండ్లకెత్తి చేలకు తోలుకుంది ఆ బూడిదనే. మా అమ్మ కూడా వారానికొకసారి గంపలో తెచ్చి మూలన పోసుకునేది. ఆ బూడిద వేళ్ల మధ్య పిండిలా జారేది, తడిస్తే సన్నగా కాలిన పేడ వాసన వచ్చేది. పొయ్యిలో మేం కాల్చే పిడకల బూడిదకూ అదే వాసన. ఆ రెండు వాసనలూ ఒకటేనని మాకెవ్వరికీ తట్టలేదు. వేల ఏళ్ల కిందట పశువుల మందలతో బతికిన మనుషులు అక్కడ పేడ పోగేసి కాల్చారనీ, దిబ్బ పక్కనే ఇళ్లు కట్టుకుని ఉన్నారనీ తర్వాత తవ్వకాలకు వచ్చిన సారు చెప్పారు. అమ్మ మాత్రం ఆ మాట విని, "రాచ్చసులైతే పేడ యాడ కాలుస్తారు, మనట్లా సంసారులే," అని ఊరుకుంది.

అమ్మను తలుచుకుంటే నాకు ముందు కనబడేది ఆమె మొహం కాదు, కుడి అరచెయ్యి. శుక్రవారం తెల్లారేసరికి ఎర్రమన్నులో పేడ కలిపి, నీళ్లు పోసి, మోకాళ్ల మీద కూర్చుని ఇల్లంతా అలికేది. అరచెయ్యి నేల మీద అర్ధచంద్రాలు గీసుకుంటూ పోతుంటే ఆమె వెనక్కి వెనక్కి జరిగేది. ఎక్కడా రెండో చెయ్యి పడేది కాదు. ఆరేదాకా ఎవరైనా అడుగు పెడితే తిట్లు. నేను అరుగు మీద కూర్చుని ఆ తడి వాసన పీలుస్తూ, సంగటి ఎప్పుడు పెడుతుందా అని చూసేదాన్ని. జేజి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, వక్కాకు సంచి ఒళ్లో పెట్టుకుని, మబ్బు లేని ఆకాశాన్ని ఎవరో ఎదురింటి మనిషిని తిట్టినట్టు తిడుతూ ఉండేది. ఆమెకు అప్పటికే చెవులు వినబడవు. అందుకని తను మాట్లాడేది ఊరంతటికీ వినబడేది.

నేను డిగ్రీ పూర్తిచేసి ఇంటికొచ్చిన ఏడాది కరువు. దానికి ముందేడూ కరువే. విత్తిన కాయ మొలిచింది, పూత పూసింది, కాయ పట్టే ఊడలు మన్నులోకి దిగే వేళకు వాన లేక చేను చేనే ఎండిపోయింది. నాయన ఎద్దులను అమ్మేసి, కోతల పని వెతుక్కుంటూ బళ్లారి పక్కకు వెళ్లాడు. కొట్టంలో ఎద్దుల వాసన మాత్రం చాలా రోజులు మిగిలింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సారు మా ఊరికి వచ్చారు. గోదావరి జిల్లా మనిషి, విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. సన్నగా, పొడుగ్గా, ఎండకు టోపీ పెట్టుకుని, జేబుల నిండా దారపుండలూ పెన్సిళ్లూ వేసుకుని తిరిగేవారు. బడి పక్కన గుడారాలు వేసి, దిబ్బ దగ్గర నాలుగు పలకల గుంతలు తవ్వించడం మొదలుపెట్టారు. మన్ను ఎత్తడానికి ఊళ్లో ఆడవాళ్లను పిలిచారు. అమ్మ వెళ్లింది. నా చేతిరాత బాగుందని ఎవరో చెబితే నన్నూ పిలిచారు. దొరికిన ప్రతి పెంకుకూ, ప్రతి రాతి ముక్కకూ ఎక్కడ దొరికిందో చీటీ రాసి కట్టడం నా పని. అమ్మ మన్ను తీసేది, నేను రాసేదాన్ని. ఇంట్లో అక్షరం రాని అమ్మ ఒక పక్కా, చదువుకున్న నేను ఒక పక్కా ఉన్నట్టే అక్కడా ఉన్నాం. అది నాకప్పుడు గర్వంగా ఉండేదని ఒప్పుకోవాలి.

సారు నాకు ఓపిగ్గా నేర్పేవారు. "కిందున్న పొర పాతది, పైనున్నది కొత్తది. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు," అనేవారు. "కానీ మనిషి గుంత తవ్వాడంటే ఆ లెక్క తప్పుతుందమ్మా. పైనుంచి తవ్విన గుంతలో పడిన గాజు ముక్క పాత పొరల మధ్య దొరుకుతుంది. అది పాతదనుకుంటే మోసపోయినట్టే. అందుకే వస్తువు కంటే ముందు గుంత అంచు వెతకాలి. ఏ నేల మీద నిలబడి దాన్ని తవ్వారో తెలుసుకోవాలి." నేను అవన్నీ నోట్సు రాసుకునేదాన్ని. అమ్మ ఎప్పుడూ ఏమీ అడగలేదు. కాని ఒకరోజు గుంత గోడలో సన్నటి గట్టి చారలు కనబడితే, వాన నీళ్లు తెచ్చి పరిచిన ఒండ్రు కాబోలని సారు అంటుంటే, అమ్మ గంప దించి దగ్గరికి వచ్చింది.

"వాన తెచ్చింది కాదు సార్. ఇది అలికిన నేల."

"ఎలా చెప్పగలవమ్మా?" అన్నారు సారు.

అమ్మ వేలు తడి చేసుకుని చార మీద రుద్ది, వాసన చూసి, ఆయన ముందు పెట్టింది. "పేడ మన్ను ఇట్లే పొరలు పొరలుగా లేస్తాది. ఒండు మన్ను పెళ్లలు పెళ్లలుగా ఇరుగుతాది. ఈడ చూడండి, చెయ్యి తిరిగిన వొంపు. మా ఇంటికి రాండి, చూపిస్తా."

సారు నిజంగానే మా ఇంటికి వచ్చారు. వంగి మా నేలను చూశారు, చేత్తో తడిమారు. జేజి ఆయన్ను విత్తనాల ఆఫీసరనుకుని అరగంట తిట్టింది. మర్నాటి నుంచి అమ్మ గంప మొయ్యలేదు. ఆమె చేతికి తాపీ ఇచ్చి, ఇంటి నేలలు బయటపడిన చోట పొరలు ఒక్కొక్కటే విప్పే పని అప్పజెప్పారు. "ఓబుళమ్మక్కా, నువ్వు గూడా ఆఫీసరైపోతివి గదా," అని తోటి ఆడవాళ్లు ఆటపట్టిస్తే అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. కరువు మొదలయ్యాక ఆమె అలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఆ తర్వాత వారం పది రోజులకు జరిగింది నేను చెప్పవలసిన సంగతి. ఎండ ఇంకా ముదరలేదు. గుంత గట్టు మీద గొడుగు కింద కూర్చుని నేను చీటీలు రాస్తున్నాను. కింద అమ్మ ఒక్కతే ఒక పాత ఇంటి నేలను విప్పుతోంది. సారు అవతలి గుంతలో ఉన్నారు. "పాపా, ఈడికి రా," అని అమ్మ పిలిచింది. గొంతులో ఏదో తేడా ఉంది. దిగి వెళ్లాను.

"ఈడ చూడు. ఇల్లంతా అలుకు పల్చగా ఉండాది. ఈ మూల మాత్రం అరచెయ్యి మందం. మళ్లా మళ్లా మెత్తినారు."

"ఎందుకు?"

"నేల కుంగింది గాబట్టి," అంది. తాపీతో మెల్లగా గీసింది. అలుకు పొరల కింద, లేత రంగు నేలలో, ముదురు మచ్చ ఒకటి గుండ్రంగా కనబడింది. గంప మూతి అంత ఉంటుంది. అందులోని మన్ను రంగురంగులుగా, కలగాపులగంగా ఉంది. సారు నేర్పిన గుంత అంచు! అమ్మ తాపీ కింద పెట్టి ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించింది. అట్లాగే కాసేపుండి, పక్కన తీసిపోసిన మన్ను దోసిలితో తెచ్చి దాని మీద పోయడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, ఏం చేస్తాండావు?"

"పూడ్చేద్దాం పాపా. సారుకు చెప్పాకు. ఇది గింజల గుంత గాదు. నా మాటిను. రాసేది నువ్వే గదా, దీన్ని రాయాకు."

ఆమె నన్ను బతిమాలడం అంతకు ముందెన్నడూ లేదు. ఎందుకని అడిగి ఉంటే చెప్పేదేమో. నేను అడగలేదు. ఈ తవ్వకం బాగా జరిగితే పై చదువుకు సీటు ఇప్పిస్తానని సారు నాతో అని ఉన్నారు. ఆ గుంత అంచును చీటీలు రాసే నేను గుర్తుపట్టానని ఆయనకు తెలియాలనిపించింది. అమ్మకేం తెలుసు అనుకున్నాను. లేచి నిలబడి గట్టిగా అరిచాను: "సార్! ఈడ గుంత ఒకటి ఉండాది సార్!"

అమ్మ చెయ్యి తీసేసింది. నా వైపు చూడలేదు.

సారు పరుగున వచ్చారు. ఫొటోలు తీశారు, కొలతలు వేశారు. మచ్చను సగం వరకే తవ్వి, మిగతా సగాన్ని నిలువుగా వదిలి చూశారు. రెండు మట్టి కుండలు, మూతికి మూతి కలిపి అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. "ధాన్యం దాచుకున్నవి అయ్యుండొచ్చు," అన్నారు సంబరంగా. అమ్మ గోడకానుకుని నిలబడి, "గింజలు కావు సార్. నిదానం," అంది. ఒక కుండ పగులులోంచి కుంచెతో మన్ను తీశారు. లోపల చీపురు పుల్లల్లాంటి సన్నటి ఎముకలు. గవ్వంత దవడ. పనిచేస్తున్న ఆడవాళ్లంతా గట్టు మీదికి వచ్చి చూశారు. ఒకామె చెప్పులు విడిచింది. సారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

ఆయన అమ్మనడిగారు. "తవ్వక ముందే నీకెలా తెలిసిందమ్మా?"

"గింజలు దాచుకుంటే మూతి పైకి పెట్టుకుంటారు గదా, మళ్లా తీసుకోవాల. మూతికి మూతి కలిపి పండబెట్టినారంటే తీసేదానికి గాదు." అమ్మ అలుకు పొరలకేసి చూపించింది. "చిన్న గుంతే గానీ సార్, తవ్వి పూడ్చిన మన్ను కుంగుతానే ఉంటాది. కుంగినప్పుడల్లా తల్లి మెత్తింటాది. పిల్లోడి మీద నేల గుంట పడితే చూసుకుంటా ఉండలేదు గదా. ఎన్నిసార్లు మెత్తిందో మీరే లెక్క పెట్టుకోండి. అన్ని దినాలు ఆయమ్మ ఈ ఇంట్లోనే ఉండాది."

సారు మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టారు. పదకొండు పొరలు. పుస్తకంలో బొమ్మ గీసుకున్నారు. అమ్మ అంది: "తెలుసుకున్నారు గదా సార్. ఇంక మూసేయండి."

"అలా కుదరదమ్మా," అన్నారాయన. కఠినంగా అనలేదు, బాధగానే అన్నారు. "వీటిని పరీక్షకు పంపాలి. అది మా ధర్మం. జాగ్రత్తగా దాస్తాం. నేను మాటిస్తున్నాను."

"వాళ్లమ్మ పెట్టాల్సిన కాడే పెట్టుకుంది. మీరు యాడ దాస్తారు?"

అమ్మ తాపీని కొంగుతో తుడిచి ఆయన చేతికిచ్చి, గుంత గట్టెక్కి, ఎండిన చేలకడ్డంగా ఇంటికి నడిచి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ పనికి రాలేదు. ఆ కరువులో అలా పని వదులుకున్న మనిషి ఊళ్లో మరొకరు లేరు.

మూడో రోజు నేను కూడా వెళ్లకుండా ఇంట్లో ఉండిపోయాను. విత్తనాల వ్యాపారి కాయలు ఇచ్చి ఒలిపించుకునేవాడు. అమ్మ, జేజి, నేను కాయల రాశి చుట్టూ కూర్చున్నాం. పొట్టు మెత్తబడడానికి నీళ్లు చల్లితే మన్ను వాసన, పచ్చి కాయ వాసన కలిసి లేచాయి. వాన లేని ఆ ఏడు మా ఇంట్లో వాన వాసన అదొక్కటే. టప్‌టప్‌మని కాయలు చిట్లుతున్నాయి. అమ్మ తల ఎత్తకుండా మొదలుపెట్టింది.

"నీకంటే ముందు ఒకడు పుట్టినాడు పాపా. తొమ్మిది దినాలు ఉన్న్యాడు. పేరు గూడా పెట్టలేదు."

నా చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్లు వాళ్ల మధ్య పెరిగాను. ఒక్కరు ఒక్క మాట నాతో అనలేదు.

"అప్పుడు దిగువ గేరిలో, ఊరికి కింది వీధిలో, గుడిసె మనది. మీ జేజే చెప్పింది, దూరం వద్దు, నక్కలు తవ్వుతాయి, చూరు కింద పెట్టుకుందామని. పెట్టుకున్న్యాం. వాన పడినప్పుడల్లా ఆడ కుంగేది. నేను పేడ మన్ను తెచ్చి మెత్తేదాన్ని. తర్వాత నువ్వు పుట్టినావు. నిన్ను ఆడనే కూకోబెట్టి నీళ్లు పోసేదాన్ని."

"మళ్లా ఏమాయెమా?"

"సర్కారు కరువు పని వచ్చింది. ఉరవకొండ రోడ్డు దాకా మనూరికి దారి వేసినారు. దారి దిగువ గేరి మీద పోయింది. మనల్ని మిట్టకు పంపించి, గుడిసెలు పీకేసి, ఆడ మన్ను తవ్వి వంక కాడ పల్లంలో దారి కట్ట పోయాల. ఆ పనికి పోయింది మేమే. గుడిసె ఉన్న కాడే నాకు పని పడింది." అమ్మ చేతులు ఆగలేదు, కాయలు ఒలుస్తూనే ఉంది. "తవ్విన గోడలో కనబడింది పాపా. ఎర్ర మన్నులో నల్లగా, గంపంత. ఎవురికీ తెల్లేదు. నాకు తెలిసింది. తవ్వి పూడ్చిన మన్ను మళ్లా కలవదు, ఎన్నేండ్లయినా. వేరేవాళ్ల గడ్డపార తగలగూడదని నేనే తవ్వినా. నా గంపలోకే ఎత్తుకున్న్యా."

"నాయన లేడా?"

"ఉన్న్యాడు. ఆయప్ప చూసినాడు. గంప పట్టి నా నెత్తికెత్తినాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మేస్త్రీ అరుస్తాండాడు. ఎత్తుకోని పోయి కట్ట మీద పోసినా. అందురూ పోస్తాండారు, నేనూ పోసినా." ఇంకో కాయ చిట్లించి అంది: "యాడ పోసినానో నాకు తెలుసు."

జేజి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, గట్టిగా అడిగింది. "ఏమంటాంది మీయమ్మ? వాన వచ్చేటట్లుందా?"

"లేదు జేజీ," అన్నాను. చిన్నప్పటి నుంచీ మా ఊరి బస్సు వంక మీది వంతెన దాటి ఆ కట్ట మీదికి రాగానే అమ్మ మాట్లాడడం ఆపేసేది. నేను ఏం చెబుతున్నా వినేది కాదు. వాంతి వస్తుందేమోనని అనుకునేదాన్ని. ఒకసారి నిమ్మకాయ కూడా కొనిచ్చాను.

మర్నాడు పనికి వెళితే సారు ఆ కుండలనూ ఎముకలనూ కట్టే పని నాకే ఇచ్చారు. దూది పరిచి, ఒక్కొక్క ఎముకనూ కాగితంలో చుట్టి పెట్టాను. తొమ్మిది రోజుల బిడ్డ ఎంత ఉంటాడో నేనప్పటికి చూడలేదు. చీటీ మీద ఇంగ్లీషులో రాయవలసింది రాసి, వెనక్కి తిప్పి, ఎవరూ చూడకుండా తెలుగులో ఆ వరస రాశాను. సాయంత్రం అమ్మకు చెప్పాను. సంగటి కెలుకుతూ విని, "వెనక పక్క రాస్తే ఎవురు చూస్తారు?" అంది. కోపం లేదు. నిజంగానే అడిగింది.

సారు మాట తప్పలేదు. నాకు సీటు వచ్చింది. నేను చేరలేదు. ఇక ఏ గుంతలోకీ దిగదలుచుకోలేదు. ఇంకో చదువు చదివి, టీచరునై, మూడు దశాబ్దాలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పాను. పాఠ్యపుస్తకంలో కొత్త రాతియుగం వాళ్లు పశువులను పెంచారు, కుండలు చేశారు అని ఉంటుంది. ఆ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు పదకొండు పొరల అలుకు సంగతి చెప్పాలనుకునేదాన్ని, చెప్పేలోపే గంట కొట్టేవాళ్లు. సారు పూర్తి రిపోర్టు రాయకముందే పోయారు. ఎవరో పల్చటి పుస్తకం ఒకటి వేశారు. అందులో శిశువు ఖననం ఒకటి అని ఒక్క ముక్క ఉంది. అమ్మ మాత్రం రెండు మూడేళ్లకొకసారి, ఏదో పనిలో ఉండి, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగేది. "ఆ బిడ్డ యాడుండాడు పాపా?" నేను, "మ్యూజియంలో మా, భద్రంగా ఉండాడు," అనేదాన్ని. నేను విచారించలేదు. సారు మాటను ఆమెకు నేను అప్పజెప్పానంతే. పోయే ముందు ఏడాది కూడా అడిగింది, అదే మాట చెప్పాను.

ఇదంతా విన్నాక హసీనా టీ గ్లాసును చేతుల్లో తిప్పుతూ కూర్చుంది. నేనే అడిగాను. "ఆ పెట్టెలో ఎముకలు బాగున్నాయా అమ్మా?"

ఆమె తల ఎత్తలేదు. "లేవు మేడం. దూది, కుండ పెంకులు రెండు ఉండాయి. పరీక్షకు పంపినట్టు రిజిస్టర్లో రాసుండాది. వెనక్కి వచ్చినట్టు లేదు. యాడికి పంపినారో ఆ కాగితం చెదలు తినేసింది."

అమ్మకు ఇన్నేళ్లూ నేను చెప్పింది అబద్ధం. తెలిసి చెప్పిన అబద్ధం కాదు, కనుక్కోకుండా చెప్పిన అబద్ధం. హసీనా నా చెయ్యి పట్టుకుంది. "సారు నోట్సులో గీసుకున్న బొమ్మలో పదకొండు గీతలు ఉండాయి మేడం. ఎవురో కూలి మనిషి చెప్పిందని పక్కన రాసుకున్నారు. ఆయమ్మ చెప్పకపోతే ఆ గుంత పై పొరలోదని అనుకునేవాళ్లు. ఇంట్లోనే పెట్టుకున్నారని, పెట్టుకోని ఆ ఇంట్లోనే బతికినారని తెలిసిందే ఆ మాటతో. పేరు పెట్టి రాస్తా నేను. పై పక్కనే రాస్తా," అంది. వెనక పక్క రాస్తే ఎవురు చూస్తారని మా అమ్మ అన్న మాట ఆ పిల్లకు అంతగా తగిలిందని అప్పుడు తెలిసింది.

మరుసటి వారం ఇద్దరం ఆటో మాట్లాడుకుని ఊరికి వెళ్లాం. దిబ్బలో సగం కూడా లేదు. ట్రాక్టర్లతో తోలుకుపోగా, పుచ్చిన పన్నులా ఒక పక్క నిలబడి ఉంది. చుట్టూ గాలిమరలు తిరుగుతున్నాయి. వాటి నీడలు చేల మీద ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. వేరుశనగ తగ్గింది, బోర్లు ఉన్నవాళ్లు దానిమ్మ వేశారు. మేం తవ్విన గుంతలు పూడిపోయి, ఎక్కడివో చెప్పలేకుండా ఉంది. ఊళ్లో అన్నీ సిమెంటు ఇళ్లు, టైల్సు. శుభ్రంగా ఉన్నాయి, మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ అలికే బాధ ఆడవాళ్లకు తప్పింది. తప్పడమే మంచిది. అమ్మ మోకాళ్లు చివరికి ఎలా అయ్యాయో నాకు తెలుసు. అయినా ఒక ఇంటి గడపలో నిలబడి ఆ నున్నటి తెల్లటి నేల చూస్తే, అందులో ఎవరు ఎన్నాళ్లు బతికారో, ఏ మూల ఎందుకు కుంగిందో రేపు వచ్చి చూసేవాళ్లకు ఏమీ తెలియదు గదా అనిపించింది. అప్పటి ఇళ్లలో నోరు విప్పి దుఃఖం చెప్పుకునేవాళ్లు కాదు. నేలకు మెత్తేవాళ్లు. ఇప్పుడు చెప్పుకుంటున్నామా అంటే, నాకు సందేహమే. మెత్తడానికి నేల కూడా లేదు.

తిరిగొచ్చేటప్పుడు వంక మీది వంతెన దాటగానే ఆటో ఆపమన్నాను. దారి ఇప్పుడు తారు రోడ్డు, రెండింతలు వెడల్పయింది. రెండు వైపులా కట్ట పొడుగునా సర్కారు తుమ్మ, ప్లాస్టిక్ సంచులు. అంతా ఒకే రంగు, ఒకే ఎత్తు. హసీనా పుస్తకం, పెన్ను తీసుకుని దిగింది. గుర్తు పెట్టుకోవడానికి ఫోన్ కూడా తీసింది.

"యాడ మేడం? ఈ పక్కనా, ఆ పక్కనా?"

నేను అటూ ఇటూ చూశాను. నాలుగడుగులు నడిచాను, వెనక్కి వచ్చాను. యాడ పోసినానో నాకు తెలుసు అని అమ్మ నాతో అన్న తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా మేమిద్దరం ఎన్నోసార్లు ఈ దారిన పక్కపక్కన కూర్చుని బస్సులో వచ్చాం, పోయాం. ఒక్కసారి దిగి చూపించమ్మా అని అడగలేదు. అడిగితే ఏడుస్తుందని భయపడ్డాను. అడగాలని ఆమె ఎదురుచూసిందేమో అన్న ఆలోచన ఆ రోడ్డు మీద నిలబడ్డాకే నాకు వచ్చింది.

"తెలీదు హసీనా," అన్నాను. "నేను అడగలేదు."

ఆమె ఏమీ రాసుకోలేదు. పుస్తకం మూసి, నా పక్కన వచ్చి నిలబడింది. ఉరవకొండ బస్సు హారన్ కొట్టుకుంటూ వస్తుంటే ఇద్దరం రోడ్డు వదిలి కట్ట వారకు జరిగాం. ఎక్కడ అడుగు వెయ్యకూడదో తెలియక, నేను చాలాసేపు కదలకుండా అట్లాగే నిలబడ్డాను.